‘దొరికిందంట’ తప్పా, ‘సమాచారం’ ఒప్పా?

సందేహం: మాది పత్తికొండ దగ్గర పల్లె. తొలకరి పడితే చాలు, మా వైపు చేలల్లో వజ్రాల వేట మొదలవుతుంది. టీ అంగడి దగ్గర ‘జొన్నగిరి కాడ వజ్రం దొరికిందంట’ అనుకుంటాం. ఇంటర్ చదివే మా అబ్బాయి ‘అంట’ తప్పు, ‘అట’ అనాలంటాడు. పేపర్లో చూస్తే ఆ రెండూ లేవు. ‘దొరికినట్లు సమాచారం’, ‘కొన్నట్లు తెలిసింది’ అని వేస్తారు. వీటిలో ఏది సరైన తెలుగు?

సమాధానం: ‘అంట’ తప్పు కాదండీ. పాత కావ్యాల్లో ఈ మాట ‘అఁట’ అని అరసున్నతో కనిపిస్తుంది. ‘పలికెడిది భాగవతమఁట’ అన్న పోతన పద్యం మీ అబ్బాయికీ నోటికొచ్చే ఉంటుంది. అరసున్న ఉందంటే అక్కడ ఒకప్పుడు ముక్కుతో పలికే ధ్వని ఉందన్నమాట. ‘అట’లో అది పోయింది, మీ ‘అంట’లో నిండుసున్నగా నిలిచింది. పుస్తకాల భాషకు కోస్తా రూపాలు ప్రమాణం కావడంతో మీ మాట తప్పులా కనబడుతోంది, అంతే.

ఆ చిన్న మాట చేసే పని మాత్రం చిన్నది కాదు. ‘దొరికింది’ అంటే నాకు ఖాయంగా తెలుసు అని. ‘దొరికిందంట’ అంటే ఎవరో చెప్పగా విన్నాను, నా పూచీ లేదు అని. ‘రాత్రి జ్వరంలో ఏదేదో పలవరించినానంట’ అంటాం చూడండి, అది తన సంగతే అయినా తను ఎరుగడు కాబట్టి ‘అంట’ చేరింది. ప్రశ్నలోనూ చేరుతుంది. వ్యాపారి ఎదురుగా ఉంటే ‘ఎంతకు కొన్నావు?’ అని నేరుగా అడుగుతాం. టీ అంగడిలో పక్కనున్నవాణ్ణి అడిగేది ‘ఎంతకు కొన్నారంట?’ అని. నువ్వు విన్నదే చెప్పు చాలు అన్న వెసులుబాటు ఆ ప్రశ్నలోనే ఉంది.

ఇక పేపరు భాష. ‘తెలియు’ అనే క్రియకు ‘ఎవరికి’ అన్నది ఉండాలి: నాకు తెలిసింది, పోలీసులకు తెలిసింది. వార్తలో ఆ ‘ఎవరికి’ ఎగిరిపోతుంది. ‘ఓ వ్యాపారి లక్షలు పోసి కొన్నట్లు తెలిసింది’ అని చదివితే లోకమంతటికీ తెలిసిపోయిన సంగతిలా ఉంటుంది. ‘సమాచారం’ దగ్గరైతే క్రియ కూడా మిగలదు. ఎవరిచ్చారో, ఎవరికిచ్చారో జాడే లేదు. వజ్రాల వార్తల్లో విలేకరి ఇబ్బంది నేనెరుగుదును. అమ్మినవాడూ కొన్నవాడూ గుట్టుగానే ఉంటారు, బేరం చాటున సాగుతుంది, పేరు పెట్టి చెప్పేవాడు దొరకడు. అయినా ‘గ్రామస్థులు చెబుతున్నారు’ అని రాయొచ్చు కదా? ఎంతవరకు నమ్మాలో చదివేవాడే తేల్చుకుంటాడు. వెనుకటి పత్రికల్లో ‘అని భోగట్టా’ అని కనిపించేది. అది విన్నమాటేనని చదవగానే పట్టేవాళ్లం. ఆ మాట దాదాపు వాడుక తప్పడం నాకు బాధే.

‘వెల్లడించారు’ సంగతి ఇంకా ఇబ్బంది. వెల్లడించడమంటే ఉన్న నిజాన్ని బయటపెట్టడం. ఒక నాయకుడు ఎదుటి పార్టీ మీద ఏదో అంటే, రుజువు కాకముందే ‘వెల్లడించారు’ అని రాస్తే పేపరు ఆయన తరఫున సాక్ష్యం చెప్పినట్లే. ‘అన్నారు’, ‘ఆరోపించారు’ అనే మాటలు మనకుండనే ఉన్నాయి.

జనం మాత్రం చదివేటప్పుడే జాగ్రత్తగా ఉంటారు. మీ వైపు ‘పేపర్లో వేసినారు’ అంటారు కదా, నాకు ఆ మాట ఎంతో ఇష్టం. ‘వచ్చింది’ అంటే వార్త దానంతటదే వచ్చినట్లుంటుంది. ‘వేసినారు’లో ఎవరో ఎంచి వేశారన్న ఎరుక ఉంది. 1989లో ఈనాడు జిల్లా అనుబంధాలు తెచ్చాక, మిగతావీ ఆ దారి పట్టాక, పక్క ఊరి సంగతులు రోజూ అచ్చులో చదవడం అలవాటైంది. పక్క ఊరే కాబట్టి నిజమో కాదో కనుక్కోవచ్చు కూడా. అందుకే అచ్చులో ‘కొన్నారు’ అని ఖాయంగా ఉన్నా, పేపరు చదివి వినిపించేవాడు ‘ఎవరో సేటు కొన్నాడంట, పేపర్లో వేసినారు’ అని తన ‘అంట’ తాను చేరుస్తాడు. చూడనిదాన్ని చూడనట్లే చెప్పే ఈ నిజాయితీ ఏ బడిలోనూ నేర్పింది కాదు.

ఫోన్లలో తిరిగే మెసేజ్‌ల దగ్గరికొచ్చేసరికి ఈ కట్టు తెగుతోంది. టీవీలో కింద స్క్రోలింగ్‌లో ‘వజ్రం దొరికినట్లు సమాచారం’ అని పోతుంది. దాన్ని చూసినవాడు వాట్సాప్ గ్రూపులో ‘వజ్రం దొరికింది, రెండు కోట్లు’ అని పెడతాడు. అదే మనిషి నోటితో చెబితే ‘దొరికిందంట’ అనే అంటాడు. రాతకొచ్చేసరికి ఎందుకు వదిలేస్తున్నాడు? బడిలో ఎర్ర ఇంకుతో కొట్టేసిన మాట కదా, రాస్తే మొరటుగా ఉంటుందేమోనన్న మొహమాటం కొంత ఉందని నా అనుమానం. మీ అబ్బాయి దిద్దుబాటును నేను ఇంత పట్టించుకోవడం అందుకే.

పరీక్షలో అతణ్ణి ‘అట’ అనే రాయనివ్వండి. పేపర్లు దిద్దేవాళ్ల సంగతి మన చేతిలో లేదు. ఇంట్లో, ఫోన్లో మీరు ‘దొరికిందంట’ అనే రాయండి. కొందరు ‘దొరికిందంటా’ అని దీర్ఘం పెడుతున్నారు, అది అక్కర్లేదు. ‘దొరికింది అంట’ అని విడదీయాల్సిన పనీ లేదు.