స్వేచ్ఛా మార్కెట్‌ను సమర్థించే ఆర్థిక సిద్ధాంతంలో నీతికి చోటుందా?

చోటుండటమేంటి, ఆ సిద్ధాంతం పుట్టిందే నీతిశాస్త్రంలో. దానికి పునాది వేసిన ఆడమ్ స్మిత్ గ్లాస్గో యూనివర్సిటీలో నీతిశాస్త్రం చెప్పిన ప్రొఫెసర్. మార్కెట్ గురించి 1776లో రాశాడు. దానికి 17 ఏళ్ల ముందే, 1759లో, మనిషి తన ప్రవర్తనను బయటివాడి కళ్లతో ఎలా తూచుకుంటాడో ఒక పుస్తకం రాశాడు. జనం మార్కెట్ పుస్తకాన్నే పట్టుకున్నారు, చిక్కంతా అక్కడే.

చిత్తూరులో సీజన్లో మామిడి మండీకి వెళ్లి చూడండి. తోతాపురి లోడుతో ట్రాక్టర్ కాటా ఎక్కుతుంది. రైతు ఇష్టపడి అమ్ముతున్నాడు, వ్యాపారి ఇష్టపడి కొంటున్నాడు, కాబట్టి ఇద్దరికీ లాభమే అంటుంది స్వేచ్ఛా మార్కెట్‌ను సమర్థించే ఉదారవాదం. చాలావరకు నిజమే. కానీ కాయ మాగిపోతోంది, ట్రాక్టర్ బాడుగ పెరుగుతోంది. వ్యాపారి రేపటిదాకా ఆగగలడు, రైతు ఆగలేడు. తరుగు పేరుతో నాలుగు కిలోలు కోసినా 'సరేలే అన్నా' అనాల్సిందే. ఆ 'సరే'లో స్వేచ్ఛ ఎంత?

స్మిత్‌కి ఇది తెలియక కాదు. యజమాని, కూలీల బేరంలో ఎక్కువ రోజులు ఆగగలిగినవాడిదే పైచేయి అన్నాడు. ఒకే వ్యాపారం చేసేవాళ్లు ఒకచోట కలిస్తే మాటలు చివరికి ధరలు పెంచే పన్నాగంలోకి దిగుతాయనీ రాశాడు. నీతికి దూరమై ఆర్థికశాస్త్రమే బక్కచిక్కిందని 1987లో అమర్త్యసేన్ అన్నదీ ఈ దారిలోనే.

స్వేచ్ఛా మార్కెట్‌ను గట్టిగా సమర్థించిన ఆర్థికవేత్త హాయెక్ మాత్రం ఒప్పుకోడు. ఎవరూ ప్లాన్ చేయని మార్కెట్ ఫలితాన్ని అన్యాయం అనడానికే అర్థం లేదంటాడు. రూల్స్ అందరికీ ఒకటైతే, మోసం, బలవంతం లేకపోతే చాలట. కానీ కాటా సరిగ్గా ఉండాలనడం కూడా నీతి మాటే కదా!