పాఠకుల ప్రశ్నలు: డోన్‌లో రైలెక్కి గోకర్ణానికి

ప్రశ్న: సంక్రాంతి సెలవుల్లో అత్తమామలను తీసుకుని గోకర్ణం వెళ్దామనుకుంటున్నాం. గుడి, సముద్రం, యాణ అడవి రెండు రోజుల్లో అవుతాయా?
– ఒక పాఠకురాలు, కర్నూలు

జవాబు: అవుతాయి, గుడిని పొద్దున్నే పెట్టుకుంటే. మధ్యాహ్నం తలుపులు వేస్తే మళ్లీ సాయంత్రమే తీస్తారు. చాలామంది ముందు బీచికి పోయి, ఇసుక కాళ్లతో వచ్చి మూసిన తలుపు చూసి వెనక్కి తిరుగుతారు. మగవాళ్లు చొక్కా, బనీను తీసి పంచెతోనే లోపలికి వెళ్లాలి, ప్యాంటు కుదరదు. పంచెలు ఇంటి నుంచే తెచ్చుకోండి. ముందు మహాగణపతిని చూసి, తర్వాత మహాబలేశ్వరుడి దగ్గరకు వెళ్లడం అక్కడి ఆనవాయితీ. ఆత్మలింగం పానవట్టం మధ్య రంధ్రంలో ఉంటుంది. కంటికి పెద్దగా కనబడదు, వేలితో తాకి చూడాల్సిందే. పెద్దవాళ్లకు ఈ మాట ముందే చెప్పి ఉంచండి.

దారి: డోన్‌లో అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే గుంతకల్లు, బళ్లారి మీదుగా హుబ్బళ్లి చేరుతారు. అక్కడి నుంచి బస్సులో సుమారు 150 కి.మీ. నేరుగా గోకర్ణం బస్సు దొరక్కపోతే అంకోలాలో దిగి మారండి. ఎల్లాపుర దాటాక అరబైలు ఘాట్ రోడ్డు మలుపులు మొదలవుతాయి. వాంతుల మాత్ర బస్సెక్కడానికి అరగంట ముందే వేయించాలి, కడుపులో తిప్పడం మొదలయ్యాక వేసినా పనిచేయదు.

రెండో రోజు యాణకు తెల్లవారుజామునే కారు మాట్లాడుకోండి. సుమారు 50 కి.మీ. భైరవేశ్వర శిఖరం 120 మీటర్లు, మోహిని శిఖరం 90 మీటర్లు, రెండూ నల్లటి సున్నపురాయి. బండి ఆగిన చోటు నుంచి అడవిలో నడక, చివర్లో మెట్లు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లను గోకర్ణంలోనే కోటితీర్థం కోనేటి గట్టున కూర్చోబెట్టడం మేలు.

ప్రశ్న: జులైలో వెళ్తే గదులు చవక అంటున్నారు. వెళ్లొచ్చా?
– ఒక పాఠకుడు, ఆదోని

జవాబు: చవక నిజమే, కానీ ఈతకు మాత్రం దిగొద్దు. నైరుతి రుతుపవనాల్లో అల ఒడ్డుకు తెచ్చిన నీరు ఇరుకు పాయగా లోపలికి లాగేస్తుంది. మోకాలి లోతులో నిలబడ్డవాళ్లనూ కూలదోస్తుంది. పొరపాటున అందులో పడితే ఒడ్డు వైపు కాకుండా ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈదాలి. కుడ్లె నుంచి ఓం బీచికి, అక్కడి నుంచి హాఫ్‌మూన్‌కు పోయే కొండదారి ఎర్రమట్టి వానకు సబ్బులా జారుతుంది. అంకోలా దగ్గర శిరూరులో 2024 జులైలో కొండచరియ విరిగి హైవే మీదే పడింది. యాణలో ఆ నెలల్లో జలగలు ఎక్కువ. పట్టుకుంటే పీకకండి, గోటితో నోటి దగ్గర పక్కకు నెడితే వదులుతుంది. అక్టోబరు దాటాక వెళ్లండి, మహాశివరాత్రి రద్దీ మాత్రం తప్పించుకోండి.

ప్రశ్న: మిర్జాన్ కోట చూడదగ్గదేనా?
– ఒక పాఠకుడు, నంద్యాల

జవాబు: తప్పకుండా. గోకర్ణానికి దగ్గర్లోనే, చూడ్డానికి గంటన్నర చాలు. పోర్చుగీసువాళ్లు ‘మిరియాల రాణి’ అని పిలిచిన గెరుసొప్ప చెన్నభైరాదేవి పేరుతో ముడిపడిన కోట. బురుజులన్నీ ఎర్రటి చిల్లుల రాయి. పాచి పట్టిన గోడలు ఎక్కొద్దు. లోపల నీడ తక్కువ, సాయంత్రం నాలుగింటికి వెళ్లండి.