తాయెత్తులో దాగిన పేరు

ప్రశ్న: 18వ శతాబ్దంలో ఒక రబ్బీ (యూదు మతగురువు) గర్భిణులకు ఇచ్చిన తాయెత్తుల వల్ల యూరప్ యూదులు రెండు పక్షాలుగా చీలిపోయారని విన్నాను. తాయెత్తు కట్టుకోవడం వాళ్లకు నిషిద్ధమా?

జవాబు: నిషిద్ధం కాదు. అందులో ఎవరి పేరుందన్నదే తగాదా. యోనతాన్ ఐబెషుట్స్ 1750లో అల్టోనా, హాంబర్గ్, వాండ్స్‌బెక్ సంఘాలకు రబ్బీగా వచ్చారు. ఆయన రాసిచ్చిన తాయెత్తుల్లో షబ్బెతాయ్ జ్వీ పేరుందని అల్టోనా పండితుడు యాకోబ్ ఎమ్డెన్ 1751లో ఆరోపించారు. తానే మెస్సీయనని చాటుకుని, 1666లో ఇస్లాం పుచ్చుకున్న మనిషి ఈ షబ్బెతాయ్.

పేరును దాచే పద్ధతి ‘అత్‌బష్’. హీబ్రూ అక్షరాలు 22. మొదటిదానికి బదులు చివరిది, రెండోదానికి బదులు చివరినుంచి రెండోది రాస్తారు. షబ్బెతాయ్ అంటే షీన్, బేత్, తావ్, యోద్. మారిస్తే బేత్, షీన్, ఆలెఫ్, మేమ్. మామూలు తాయెత్తుల్లోనూ దైవనామాలను ఇలా తారుమారు చేసి రాస్తారు కాబట్టి చూసినవాళ్లకు అనుమానం రాదు.

అసలు చిక్కు నకళ్లతోనే. బేత్, కాఫ్ అక్షరాలు చూడ్డానికి దగ్గరగా ఉంటాయి. నకలు రాసేవాడు బేత్‌ను కాఫ్ అనుకుంటే, విప్పినప్పుడు షీన్ రావలసినచోట లామెద్ వస్తుంది, పేరు చెడిపోతుంది. ఐబెషుట్స్ అంతకుముందు పనిచేసిన ఫ్రాన్స్ పట్టణం మెట్స్ నుంచి వచ్చిన ప్రతులకు ఆయన విమర్శకులు నోటరీల ధ్రువీకరణ తీసుకున్నది ఇలాంటి పేచీలకు తావులేకుండానే. అయినా ఐబెషుట్స్ ఒప్పుకోలేదు. అవి పవిత్ర నామాలేనన్నారు. 1755లో ‘లూహోత్ ఎదూత్’ అనే పుస్తకం అచ్చువేసి, తనకు మద్దతుగా రబ్బీలు రాసిన ఉత్తరాలు అందులో చేర్చారు. అలాంటి ఉత్తరం చదివేటప్పుడు రాసినాయన తాయెత్తు విప్పి చూశారా, మనిషి మీది గౌరవంతోనే రాశారా అన్నది ముందు తేల్చుకోండి. వాటన్నిటికన్నా తెలివైనది, తర్వాత ప్రాగ్ రబ్బీ అయిన యెహెజ్కేల్ లాండౌ 1752లో రాసిన ఉత్తరం: తాయెత్తులు వెనక్కి తీసుకోవాలి, ఐబెషుట్స్ పరువు మాత్రం తీయకూడదు. రెండు పక్షాలూ వినలేదనుకోండి. గెర్షోమ్ షోలెమ్ లాంటి చరిత్రకారులు తాయెత్తుల విషయంలో ఎమ్డెన్ వైపే మొగ్గారు.

ప్రశ్న: యూదుల విశ్రాంతిదినమైన సబ్బాతు రోజున బరువులు మోయకూడదు కదా, మరి తాయెత్తుతో వీధిలోకి వెళ్లొచ్చా?

జవాబు: నిరూపితమైనదైతే వెళ్లొచ్చు; దాన్ని ఒంటిమీది వస్తువుగానే లెక్కిస్తారు. నిరూపణ అంటే మూడుసార్లు గుణం కనిపించాలి. తాయెత్తు కొత్తదైనా, రాసినవాడు అలా నిరూపితుడైతే చాలునని యూదుల ధర్మశాస్త్ర గ్రంథం తాల్ముద్ చెబుతుంది. కానీ సబ్బాతునాడు ఇల్లు అంటుకుంటే, దైవనామం ఉన్నా సరే, తాయెత్తును మంటల్లోంచి తీయనివ్వదు.