గరువు భూమిలో మట్టి కోత, మొక్కజొన్నకు ఎరువుల మోతాదు

ప్రశ్న: మాది విజయనగరం జిల్లా గజపతినగరం మండలం. ఊరికి ఎగువన మూడెకరాల ఎర్ర గరువు (మెట్ట భూమి) ఉంది. నేను విశాఖపట్నంలో ఉంటున్నందున నాలుగేళ్లుగా కౌలుకు ఇస్తున్నాను. వానాకాలంలో మొక్కజొన్న వేస్తున్నారు. ఎకరాకు రెండు బస్తాల డీఏపీ, మూడు బస్తాల యూరియా వేసినా దిగుబడి ఏటేటా తగ్గుతోంది. పెద్ద వాన పడితే మట్టి కోసుకుపోయి దిగువనున్న గెడ్డలో (వాగులో) కలుస్తోంది. భూసార పత్రంలో ఉదజని సూచిక (పీహెచ్) 5.4, సేంద్రియ కర్బనం 0.31 శాతం, భాస్వరం ఎక్కువ, పొటాష్ తక్కువ, జింకు లోపం అని ఉంది. ఏ ఎరువు ఎంత వేయించాలి? భూమి యజమానిగా నేను చేయవలసినది ఏమిటి?

జవాబు: మీరు ముందు ఎరువుల గురించి అడిగినా, మట్టి కోత సంగతి తేలనిదే ఆ లెక్కకు అర్థం ఉండదు కాబట్టి అక్కడే మొదలుపెడతాను. ఎకరం నేల మీద ఒక్క మిల్లీమీటరు మందాన మట్టి పోయిందంటే సుమారు నాలుగు ఘనపు మీటర్లు, అంటే ఐదారు టన్నుల మట్టి పోయినట్లు. అంత పోయినా పొలం చూడటానికి ఎప్పటిలాగే ఉంటుంది. పైగా వాన నీరు ముందుగా తీసుకుపోయేది సన్నని బంక రేణువులనూ, వాటిని అంటిపెట్టుకున్న సేంద్రియ పదార్థాన్నీ, భాస్వరాన్నీ, జింకునూ. వెనక మిగిలేది ఇసుక, గరప. అటువంటి నేలలో వేసిన పొటాష్ నిలవదు, యూరియా నిలవదు, పది రోజులు బెట్ట వస్తే తేమ కూడా నిలవదు. దిగుబడి తగ్గడానికి మొదటి కారణం ఇదేనని నా అభిప్రాయం.

ముందుగా వాలు కొలిపించండి. నీళ్లు నింపిన పారదర్శకపు గొట్టం, రెండు కర్రలు ఉంటే ఈ పని పొలంలోనే అయిపోతుంది. 30 మీటర్ల దూరానికి 90 సెంటీమీటర్ల పల్లం వస్తే వాలు మూడు శాతం అని లెక్క; ఆ వాలుకు సుమారు 30 మీటర్లకు ఒక గట్టు చొప్పున వేయాలి. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటి ఉంది. అనంతపురం వంటి తక్కువ వాన పడే చోట సమతల రేఖ (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీత) వెంట మూసిన గట్టు వేసి నీటిని అక్కడే ఇంకించడం సరైన పద్ధతే. ఏడాదికి 1,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడే మన జిల్లాలో, అందులోనూ అక్టోబరు, నవంబరు నెలల తుపానులకు, అలాంటి గట్టు వెనక నీరు నిండి ఏదో ఒక చోట గండి పడుతుంది. ఆ గండి దగ్గర పోయే మట్టి, గట్టే లేకపోతే పోయేదానికన్నా ఎక్కువ. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పటి వానలను చూసిన మీకు దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు. కాబట్టి మీ గరువులో వేయవలసినవి స్వల్పంగా ఒక వైపుకు వాలే గట్లు. వంద మీటర్ల పొడవుకు 20 నుంచి 40 సెంటీమీటర్ల పల్లం ఉంచి, గట్టు చివర రాళ్లు పరిచిన అలుగు కట్టి, అదనపు నీరు నెమ్మదిగా గెడ్డలోకి దిగేలా చేయాలి. ఆ నీరు పక్క రైతు పొలం మీదకు పోకుండా ముందే ఆయనతో మాట్లాడుకోవడం మంచిది. గట్టు మీద తొలకరిలో వట్టివేరు దుబ్బులను 10-15 సెంటీమీటర్ల ఎడంతో నాటించి, మధ్యమధ్యలో గిరిపుష్పం కొమ్మలు పాతించండి. వేళ్లు గట్టును పట్టి ఉంచుతాయి, గిరిపుష్పం రొట్టను ఏటా కోసి పొలంలో వేసుకోవచ్చు. ఖర్చు విషయానికి వస్తే, మీ భూమికి ఉపాధి హామీ పనుల కింద గట్లు వేయించుకునే అర్హత ఉందేమో గ్రామ సచివాలయంలో అడగండి.

గట్లు వేశాక కూడా దుక్కి వాలుకు అడ్డంగానే సాగాలి. మన గరువులు చాలావరకు ఎగువ నుంచి దిగువకు పొడవుగా, వెడల్పు తక్కువగా ఉంటాయి. అడ్డంగా దున్నితే ట్రాక్టరు ఎక్కువసార్లు మలుపు తిరగాలి, గంటల లెక్కన కిరాయి పెరుగుతుంది కనుక కౌలుదారు నిలువుగా దున్నిస్తాడు. ఇందులో ఆయన తప్పేమీ లేదు. ఆ అదనపు కిరాయిని మీరే భరిస్తానని చెప్పండి.

యజమానిగా మీ బాధ్యత గురించి నేను గట్టిగా చెప్పదలచినది ఇదే. ఎకరాకు నాలుగు టన్నుల గత్తం (పశువుల ఎరువు) వేస్తే అందులోని నత్రజనిలో మొదటి పంటకు అందేది సగం కూడా ఉండదు, మిగిలినది తర్వాతి పంటలకు అందుతుంది. గట్టు, సున్నం, గత్తం, చెరువు మట్టి అన్నీ మూడు నాలుగేళ్ల మీద ఫలితమిచ్చే పెట్టుబడులు. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద రాసుకునే ఒప్పందం 11 నెలలకే. ఆ పత్రం కౌలుదారుకు పంట రుణం, బీమా అందడానికి అవసరం, దానివల్ల మీ యాజమాన్య హక్కుకు భంగం లేదు కాబట్టి తప్పక రాసి ఇవ్వండి. అయితే వచ్చే ఏడు ఈ భూమి తన చేతిలో ఉంటుందో లేదో తెలియని మనిషి గత్తం తోలడు. గత్తం, సున్నం ఖర్చు మీరు పెట్టుకోవడమో, కౌలులో ఆ మేరకు తగ్గించడమో చేసి, మూడేళ్లపాటు ఆయనకే ఇస్తానని మాట ఇవ్వండి. వేసవిలో దగ్గరి చెరువులో పూడిక తీస్తుంటే, అనుమతి తీసుకుని ఆ మట్టిని ఎర్ర గరువులో చల్లించండి. బంక మట్టి చేరితే తేమ నిలుస్తుంది.

ఇప్పుడు ఎరువుల లెక్క. రెండు బస్తాల డీఏపీలో 18 కిలోల నత్రజని, 46 కిలోల భాస్వరం ఉంటాయి. 45 కిలోల యూరియా బస్తాలు మూడు వేస్తే మరో 62 కిలోల నత్రజని వస్తుంది. అంటే వానాకాలపు మొక్కజొన్నకు సిఫారసు చేసిన 80 కిలోల నత్రజని మీ పొలంలో ఇప్పటికే పడుతోంది. భాస్వరం 24 కిలోలు చాలు, దానికి దాదాపు రెట్టింపు పడుతోంది. 20 కిలోలు పడవలసిన పొటాష్ అసలు పడటం లేదు. నాలుగేళ్ల ఈ వాడకం మీ పత్రంలో స్పష్టంగా కనిపిస్తోంది. భాస్వరం పేరుకుపోయింది, అది జింకును పైరుకు అందనివ్వదు, పొటాష్ తరిగిపోయింది. దిగుబడి తగ్గిందని ఇంకో బస్తా యూరియా వేయిస్తే నేల మరింత పులుస్తుంది తప్ప కంకి పెరగదు.

డీఏపీ మానేయండి. భాస్వరం ఎక్కువ ఉన్న నేలలో సిఫారసులో 30 శాతం తగ్గించవచ్చు కాబట్టి రెండు బస్తాల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్‌తో 16 కిలోల భాస్వరం అందుతుంది, దానితో గంధకం, కాల్షియం కూడా కలిసి వస్తాయి. పొటాష్ తక్కువ కాబట్టి 30 శాతం పెంచి 26 కిలోలు ఇవ్వాలి. అందుకు 43 కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్ కావాలి, సగం దుక్కిలో, సగం పూత దశలో వేయాలి. డీఏపీతో వచ్చే నత్రజని ఇక ఉండదు కాబట్టి, దాని బదులు ఒక బస్తా కలిపి యూరియా మొత్తం నాలుగు బస్తాలు. మూడో వంతు విత్తేటప్పుడు, మూడో వంతు మోకాలెత్తు పైరుకు, మిగిలినది పూతకు ముందు, కలుపు తీసిన నేలలో తేమ ఉన్నప్పుడు మొక్కల మొదళ్లకు కొంచెం ఎడంగా వేసి మట్టి కప్పాలి. కర్బనం తక్కువ ఉంది కనుక నత్రజని కూడా పెంచాలి కదా అని మీరు అడగవచ్చు. కోత ఆగని తేలిక నేలలో పెంచిన భాగం గెడ్డ పాలవుతుంది కాబట్టి ఈ రెండేళ్లూ పెంచవద్దు. జింకు సల్ఫేటు ఎకరాకు 20 కిలోలు ఆఖరి దుక్కిలో, సూపర్‌తో కలపకుండా విడిగా వేయించండి. ఇది రెండు మూడు పంటలకొకసారి చాలు.

ఉదజని సూచిక 5.4 అంటే నేల పులిసినట్లే. పొలమంతా సున్నం చల్లడం ఖర్చుతో కూడిన పని. ఎకరాకు 80 నుంచి 160 కిలోల సున్నపురాయి పొడిని విత్తే సాళ్లలో వేయించడం ఏటా చేయగలిగిన పని. విత్తడానికి రెండు మూడు వారాల ముందే వేయాలి, యూరియాతో గానీ సూపర్‌తో గానీ కలపకూడదు.

మొక్కజొన్న కోసిన వెంటనే, సెప్టెంబరు-అక్టోబరులో, తేమ ఉండగానే ఉలవ చల్లించండి. తుపాను వానలు పడే సమయానికి నేల మీద ఆకు కప్పి ఉంటుంది. మొక్కజొన్న సాళ్ల మధ్య కంది వేయగలిగితే ఇంకా మేలు, పంట తీశాక కూడా కంది నిలిచి ఉంటుంది, రాలిన ఆకు నేలకే చేరుతుంది.

చివరగా మీ భూసార పత్రం గురించి. ఈ పథకం 2015లో మొదలైనప్పుడు వర్షాధార భూముల్లో పది హెక్టార్లకు, అంటే సుమారు 25 ఎకరాలకు, ఒక్కటే మట్టి నమూనా తీసే పద్ధతి పెట్టారు. మీ పత్రంలోని అంకెలు మీ పొలంలో తీసిన మట్టివి కాకపోవచ్చు. పై మోతాదులను ఈ ఏటికి పాటించి, మే నెలలో మీ పొలం నమూనాను విడిగా తీయించండి. ఎగువ భాగానికి ఒకటి, మట్టి చేరే దిగువ భాగానికి మరొకటి ఉండాలి. ఒక్కో భాగంలో ఎనిమిది పది చోట్ల 15 సెంటీమీటర్ల లోతున ‘వి’ ఆకారంలో గుంట తీసి, పక్క గోడల నుంచి మట్టి గీకి, అంతా కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు తీసేస్తూ అర కిలోకు తగ్గించాలి. గట్ల పక్కన, చెట్ల కింద, గత్తం కుప్ప పోసిన చోట తీయకూడదు. నీడలో ఆరబెట్టి, యూరియా సంచిలో కాకుండా శుభ్రమైన గుడ్డ సంచిలో పోసి, సర్వే నెంబరు, నిరుటి పంట, వేసిన ఎరువులు రాసిన చీటీ పెట్టి రైతు సేవా కేంద్రంలో ఇవ్వండి. సున్నం అవసరం ఎంతో కూడా పరీక్షించమని ఆ చీటీలోనే రాయండి.