చివరి కంతు ఖరీదు ఇవాళ 6,700 రూపాయలే

ప్రశ్న: నేను తిరుపతిలో దేవస్థానం ఉద్యోగిని. నాలుగేళ్ల క్రితం అవిలాల వైపు ఇల్లు కొనడానికి 30 లక్షల రూపాయలు, 20 ఏళ్ల గడువుతో, ఫ్లోటింగ్ (మారుతూ ఉండే) వడ్డీ మీద అప్పు తీసుకున్నాను. వడ్డీ 8.5 శాతం, నెల కంతు 26,035 రూపాయలు. త్వరగా తీర్చేద్దామని పోయిన ఏడాది నెలకు 5,000 చొప్పున నాలుగు నెలలు అదనంగా కట్టి, పిల్లల ఫీజులు మీద పడడంతో ఆపేశాను. మొన్న చూసుకుంటే బాకీ ఇంకా 27 లక్షలకు పైనే ఉంది. బావమరిది ఆ డబ్బేదో సిప్‌లో, అంటే నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో పెట్టమంటున్నాడు. మా ఆవిడైతే ‘కొండ మీది స్వామికే తీరని అప్పు, మనకు తీరుతుందా’ అని నవ్వుతోంది. మళ్లీ మొదలుపెట్టడానికి మనసు రావడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు మీ శ్రీమతిగారి మాటకు జవాబు చెబుతాను. కుబేరుడి దగ్గర చేసిన అప్పుకు స్వామి కలియుగాంతం దాకా వడ్డీ మాత్రమే కడతారని, అసలు సంగతి ఆ తర్వాతేనని మన పెద్దలు చెబుతారు. మీరు కట్టే ప్రతి కంతులోనూ ఎంతో కొంత అసలు ఉంది. కాకపోతే మొదటి ఏళ్లలో అది కంటికి ఆనదు. మీ మొట్టమొదటి కంతులో వడ్డీ కింద 21,250 పోగా అసలుకు జమైనది 4,785 రూపాయలు. నాలుగేళ్లలో మీరు పన్నెండున్నర లక్షలు కడితే, అదనంగా కట్టినది పక్కన పెట్టి చూస్తే, అసలు తగ్గింది 2 లక్షల 72 వేలే. ఆ అంకె చూసి నీరసపడనివారు ఉండరు. అందుకే నా దగ్గరకు వచ్చేవారికి బాకీ మొత్తాన్ని నెలనెలా చూసుకోవద్దని, వెనక నుంచి ఎన్ని కంతులు తెగాయో లెక్కపెట్టుకోమని చెబుతుంటాను.

ఆ లెక్క ఎలా ఉంటుందో చూడండి. మీకు ఇంకా 192 కంతులున్నాయి. వడ్డీ ఇలాగే ఉందనుకుంటే, పదహారేళ్ల తర్వాత కట్టవలసిన ఆ చిట్టచివరి 26,035 రూపాయల కంతు ఇవాళ 6,700 రూపాయలకు తెగిపోతుంది. అంత సొమ్ము ఈ నెల అసలుకు జమైతే, దాని మీద పదహారేళ్లపాటు పడవలసిన వడ్డీ ఆగిపోయి, ఆ కంతు మీ లెక్కలోంచి తొలగిపోతుంది. అదే కంతును ఐదేళ్లు ఆగి తెంచుకుందామంటే 10,250 దాకా పెట్టాలి. ఈ లెక్కన, మీరు వృథా అనుకుంటున్న ఆ 20,000 రూపాయలు ఇప్పటికే దాదాపు మూడు కంతులను, అంటే 78 వేల రూపాయల చెల్లింపును తెంచేసి ఉండాలి. ‘ఉండాలి’ అని ఎందుకన్నానో కాసేపట్లో చెబుతాను.

చిత్తూరులో ఒక మామిడి మండీ గుమాస్తా ఇంట్లో, బీరువా తలుపు లోపలివైపు, గళ్ల కాగితం ఒకటి అంటించి ఉంటుంది. వరుసకు పన్నెండు గళ్లు, ఏడాదికి ఒక వరుస. మామూలు కంతు కట్టిన నెల పైనుంచి ఒక గడిలో నీలం సిరా గీత పడుతుంది. అదనంగా కట్టి తెంచిన కంతుకు అడుగు నుంచి ఎర్ర సిరా గీత పడుతుంది. ఎర్ర కలం వాళ్ల అమ్మాయి చేతిలోనే ఉంటుంది, ఇంకెవరూ ముట్టుకోకూడదు. తోతాపురి ధర పడిపోయిన ఏడాది ఒక్క ఎర్ర గీతా పడలేదు, నీలం మాత్రం ఆగలేదు. మరుసటి ఏడాది ఎర్ర గీతలు ఆగిన గడి నుంచే మళ్లీ మొదలయ్యాయి. ఫీజుల కోసం మీరు ఆపడం కూడా అలాంటిదే కాబట్టి, దానికి మిమ్మల్ని మీరు నిందించుకోకండి.

ఇక క్రమం తప్పకుండా కట్టడం గురించి. చీటీ పాట తేదీని మనం ఎన్నడూ మరచిపోము, ఎందుకంటే అడిగేవాళ్లు వీధిలోనే ఉంటారు. ముందస్తు చెల్లింపును అడిగేవాళ్లు ఎవరూ లేరు, బ్యాంకుకు ఆ అవసరమూ లేదు. కనుక జీతం పడిన మర్నాడే తనంతట తాను కదిలేలా ఒక రికరింగ్ డిపాజిట్ పెట్టి, అది ముగియగానే ఆ మొత్తాన్ని అసలుకు కట్టండి. నెలకు 5,000 చొప్పున సాగిస్తే మిగిలిన పదహారేళ్లు సుమారు పదకొండున్నర ఏళ్లవుతాయి, వడ్డీలో ఏడు లక్షల దాకా ఆదా అవుతుంది. అది బరువనిపిస్తే 3,000 పెట్టుకోండి. దానితోనూ మూడేళ్లు తగ్గుతాయి. నాలుగు నెలలకే ఆగిపోయే 5,000 కంటే ఆగకుండా సాగే 3,000నే నేను కోరుకుంటాను. ఏటా వచ్చే బ్రహ్మోత్సవ బహుమానంలోంచి ఇప్పటి లెక్కలో 13,500 తీసిపెడితే రెండు కంతులు తెగుతాయి. మిగిలినది పిల్లలకు ఖర్చుపెట్టండి, అప్పు కోసం పండగ మానుకోనక్కర్లేదు.

జేబులోంచి రూపాయి తీయకుండా తెంచుకోగల కంతులు కూడా ఉన్నాయి. 2025 ఫిబ్రవరి నుంచి జూన్ మధ్య రిజర్వు బ్యాంకు రెపో రేటును, అంటే బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వడ్డీని, 6.50 శాతం నుంచి 5.50 శాతానికి తగ్గించింది. అయినా మీ వడ్డీ 8.5 దగ్గరే నిలిచిపోయిందంటే, మీ అప్పు ఏ ప్రమాణ రేటుతో ముడిపడి ఉందో అడిగి తెలుసుకుని, కొంత రుసుము కట్టవలసి వచ్చినా సరే, రెపోతో ముడిపడిన పద్ధతికి మార్పించుకోండి. వడ్డీ 7.5 శాతానికి దిగినప్పుడు కంతు తగ్గించుకోకుండా ఆ 26,035నే కడుతూ పోతే, అదనంగా ఏమీ కట్టకుండానే సుమారు 21 కంతులు తగ్గుతాయి.

మీ బావమరిది మాటను నేను తోసిపుచ్చను. సిప్ దీర్ఘకాలంలో ఇంతకంటే ఎక్కువ ఇవ్వవచ్చు, ఇవ్వకపోవచ్చు. అప్పు తీర్చడం వల్ల మిగిలే 8.5 శాతానికి మాత్రం సందేహం లేదు. మీరు పాత పన్ను విధానంలో ఉంటే సొంతింటి అప్పు వడ్డీకి ఏడాదికి 2 లక్షల దాకా మినహాయింపు ఉంది కనుక, మీకు నిజంగా పడే వడ్డీ కొంత తక్కువే. అయితే మీ వడ్డీ ఇప్పుడు ఏడాదికి 2 లక్షల 30 వేల దాకా ఉంది, 2 లక్షలు దాటిన భాగానికి ఆ ఊరట లేదు. కొత్త విధానంలో, మీరు నివసించే ఇంటికి ఈ మినహాయింపు అసలే లేదు. నా మట్టుకు, సిప్, ముందస్తు చెల్లింపు రెండింటికంటే ముందు ఆరు నెలల ఇంటి ఖర్చు, కంతులతో సహా, విడిగా ఉండాలి. బంగారం తాకట్టు అప్పుగానీ క్రెడిట్ కార్డు బాకీగానీ ఉంటే ముందు అవి తీరాలి. అసలుకు కట్టేసిన సొమ్మును ఆసుపత్రి అవసరానికి బ్యాంకు వెనక్కి ఇవ్వదు.

ఇప్పుడు ఆ 20,000 సంగతి. మీరు అదనంగా పంపిన డబ్బు అసలుకు జమ కాకుండా, రాబోయే కంతుకు ముందుగా కట్టినట్టు ఖాతాలో పడి ఉండే అవకాశం ఉంది. నా సొంత ఇంటి అప్పులో ఒక బ్యాంకు అలాగే చేసింది, నేను ఏడు నెలలదాకా గమనించలేదు. మరికొన్నిచోట్ల అసలుకే జమచేస్తారు గానీ, గడువు తగ్గించడానికి బదులు నెల కంతు తగ్గిస్తారు. అలా చేస్తే చివరి నుంచి కంతులు తెగవు. ఫ్లోటింగ్ వడ్డీ మీద వ్యక్తులు తీసుకున్న ఇంటి అప్పుకు ముందస్తు చెల్లింపు రుసుము వసూలు చేయకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది కాబట్టి, ఆ పేరుతో ఏమైనా కోత పడిందేమో కూడా చూసుకోండి. ఈ వారంలోనే బ్యాంకుకు వెళ్లి, ఖాతా స్టేట్‌మెంటునూ కొత్త రీపేమెంట్ షెడ్యూలునూ తీసుకుని, ఆ నాలుగు జమలు ఏ వరుసలో పడ్డాయో వేలుపెట్టి చూడండి. అసలులో పడకపోతే ‘అసలుకు జమచేసి, కంతు మార్చకుండా గడువు తగ్గించవలసింది’ అని రాసిచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. షెడ్యూలులో చివరి కంతు తేదీ మునుపటికంటే మూడు నెలలు ముందే పడిందని చూసుకున్న తర్వాత, మీ ఆవిడగారి చేతికి ఎర్ర కలం ఇవ్వండి.