టెండర్ల విభాగమా, వర్క్‌షాపా?

ప్రశ్న: మా అమ్మాయి ఏరోనాటికల్ ఇంజినీరింగ్ చివరి సంవత్సరం చదువుతోంది. విమాన భాగాలను ఓవర్‌హాల్ చేసే (పూర్తిగా విప్పి, తనిఖీ చేసి, బాగుచేసే) ఒక సంస్థ ఆమెను వర్క్‌షాపులో ట్రైనీగా గానీ, సైనిక టెండర్లకు బిడ్లు తయారుచేసే విభాగంలో గానీ చేరమంటోంది. రెండోది ఎంచుకుంటే చదివిన చదువంతా కాగితాల పాలవుతుందేమోనని మా భయం. ఏది మంచిది?

జవాబు: బిడ్ల పనికి ఇంజినీరింగ్ అక్కర్లేదనుకోవడం పొరపాటండీ. అక్కడ చదువు వృథా కాదు. అయినా ముందు వర్క్‌షాపులోనే చేరమంటాను, బిడ్ల పని బాగా చేయాలన్నా దారి అదే కాబట్టి.

ఓవర్‌హాల్‌లో అసలు చిక్కు, వస్తువును విప్పకముందే ధర చెప్పాల్సి రావడం. ల్యాండింగ్ గేర్‌నే, అంటే విమానం నేలమీద ఆనే చక్రాల అమరికనే తీసుకోండి. పైకి బాగానే కనిపిస్తుంది. పాత పూత తీసి, అయస్కాంత కణ పరీక్ష (భాగాన్ని అయస్కాంతీకరించి, ఇనుప రేణువులు ఎక్కడ పోగవుతాయో చూడటం) చేశాక గానీ సన్నని పగుళ్లు బయటపడవు. అందుకే చాలా కాంట్రాక్టుల్లో మామూలు ఓవర్‌హాల్‌కు స్థిర ధర ఉంటుంది, విప్పాక తేలే అదనపు పనికి వేరే లెక్క ఉంటుంది. ఏ పని ఎందులోకి వస్తుందో టెండరు పత్రంలోనే పసిగట్టాలి. అక్కడ పొరబడితే గెలిచిన కాంట్రాక్టే సంస్థను ముంచుతుంది.

గడువుల సంగతీ అంతే. అధిక బలమున్న ఉక్కు భాగానికి తుప్పు పట్టకుండా కాడ్మియం పూత వేశాక, లోహంలో చిక్కి దాన్ని పెళుసుగా మార్చే హైడ్రోజన్ పోవడానికి సుమారు 190 డిగ్రీల సెల్సియస్ వద్ద సాధారణంగా 23 గంటలు వేడిచేస్తారు. ఇది తెలియనివారు వేసే షెడ్యూల్‌లో ఆ రోజు ఉండదు. ఆలస్యానికి జరిమానా మాత్రం ఉంటుంది.

నిబంధనలు మెల్లగా అబ్బుతాయి. పౌర విమానయానంలో అమెరికా, యూరప్ నియంత్రణ సంస్థలు రెండూ మరమ్మతు కేంద్రాల నిబంధనలను పార్ట్ 145 అనే పిలుస్తాయి. నిర్వహణ సంస్థల నాణ్యతా ప్రమాణం ఏఎస్ 9110. సైనిక భాగాలకు వీటితోపాటు ఆయా సైన్యాల ఆమోదాలూ కావాలి. అమెరికా మూలమున్న భాగమైతే ఐటార్ అనే అమెరికా ఆయుధ ఎగుమతి నియంత్రణల వల్ల డ్రాయింగులు చూడటానికే అనుమతి కావాల్సి రావచ్చు.

ఒక మాట మాత్రం గట్టిగా చెబుతాను. ధర తగ్గించమన్న ఒత్తిడి ఈ ఉద్యోగంలో తప్పదు. తనిఖీ గంటలు కోసి ధర తగ్గిద్దామని ఎవరైనా అంటే, కుదరదని కారణంతో సహా చెప్పగలగాలి. ఆ భాగాన్ని నమ్ముకుని ఎగిరే పైలట్ ఒకరుంటారు. అలా చెప్పే ధైర్యం పనిని చేత్తో చేసినవారికే నిలుస్తుంది.

చేరేముందు ఆమెను సంస్థతో మాట్లాడమనండి. రెండేళ్లు వర్క్‌షాపులో పనిచేశాక బిడ్ల విభాగానికి మారుస్తారా అని అడిగి, ఒప్పుకుంటే రాతపూర్వకంగా తీసుకోమనండి. కాదంటే బిడ్ల విభాగంలోనే చేరవచ్చు. అప్పుడు మాత్రం, వచ్చిన ప్రతి భాగాన్నీ విప్పేటప్పుడు దగ్గరుండి చూసే అనుమతి అడగాలి. తాను వేసిన అంచనాకూ, విప్పాక తేలిన పనికీ ఉన్న తేడాను ఎప్పటికప్పుడు రాసి పెట్టుకోవాలి.