హెరాల్డ్ ఇంజిన్ పని చేయించాక టైమింగ్ చైన్ చప్పుడు: ఇంకో చైన్ కొనే ముందు

అనంతపురం నుంచి మీరు అడిగినది ఇది: స్టాండర్డ్ హెరాల్డ్ కారు 948 సీసీ ఇంజిన్ దించి, బోరు, క్రాంకు (పిస్టన్లు తిప్పే ప్రధాన ఇరుసు) పని చేయించి, కొత్త టైమింగ్ చైన్ (క్రాంకు తిరుగుడును వాల్వులు తెరిచే క్యాం షాఫ్టుకు అందించే గొలుసు) వేయించి బిగించారు, బండి 200 కిలోమీటర్లు తిరగకముందే ఇంజిన్ ముందువైపు గలగల మొదలైంది, చైన్ నాసిరకానిదని, ఇంకొకటి వేద్దామని మెకానిక్ అంటున్నాడు. వేయించవచ్చా అని మీ సందేహం. ఇప్పుడే వద్దని నా సలహా. అదే రకం బండికి, అదే చప్పుడుకు, కడపలో నేను వరుసగా రెండు చైన్లు వేయించి, రెండోది వేసిన మరుసటి ఉదయమే మళ్ళీ ఆ గలగల విన్నాను.

మా బండి నాన్నగారిది. మద్రాసులో తయారైన బండి కాబట్టి దానికి కావలసినవన్నీ ఇప్పటికీ చెన్నై పుదుపేట పాతసామాన్ల అంగళ్ళ నుంచే తెస్తుంటాను. చైన్ కోసం రెండుసార్లు వెళ్ళివచ్చిన ఖర్చు చైన్ ధర కన్నా ఎక్కువైంది.

ఇంజిన్ ముందు చైన్‌ను మూసి ఉంచే టైమింగ్ కవరు విప్పే ముందు, చప్పుడు నిజంగా చైన్‌దేనా అన్నది తేల్చుకోవాలి. ఫ్యాన్ బెల్టు తీసి ఇంజిన్‌ను ఒక్క నిమిషం నడపండి. చప్పుడు పోతే అది డైనమోదో, వాటర్ పంపుదో అవుతుంది. బెల్టు లేకపోతే నీళ్ళు తిరగవు కాబట్టి, మన ఎండల్లో ఆ నిమిషం దాటనివ్వకండి. బెల్టు తీసినా చప్పుడు ఉంటే, క్లచ్ పెడల్ ఒకరిని తొక్కమని మీరు క్రాంకు పుల్లీని గమనించండి. పుల్లీ కంటికి కనిపించేంతగా ముందుకు జరిగినా, చప్పుడు మారినా, క్రాంకు ముందుకు, వెనక్కు జరగకుండా ఆపడానికి వెనుక మెయిన్ బేరింగు దగ్గర ఉండే అర్ధచంద్రాకారపు థ్రస్ట్ వాషర్లను అనుమానించాలి. అక్కడ ఉండవలసిన ఆట, అంటే వదులు, 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్లు మాత్రమే. ఈ ఇంజిన్లలో ఆ వాషర్లు అరిగి జారిపోవడం అరుదేమీ కాదు, అది చైన్ కన్నా చాలా పెద్ద ప్రమాదం. పెట్రోలు పంపు చేతిని కూడా క్యాం షాఫ్టే కదిలిస్తుంది కాబట్టి, దాని స్ప్రింగు బలహీనపడితే వచ్చే టకటక కూడా ముందువైపు నుంచి వచ్చినట్టే వినిపిస్తుంది. పొడవాటి స్క్రూడ్రైవరు మొనను పంపు మీద ఒకసారి, టైమింగ్ కవరు మీద ఒకసారి ఆనించి, పిడికి చెవి పెడితే తేడా తెలుస్తుంది. ట్యాపెట్ల (వాల్వులను నొక్కే భాగాల) గ్యాపు ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు 0.25 మిల్లీమీటర్లు ఉందో లేదో ముందే చూసుకొని ఉంటారనుకుంటాను.

చప్పుడు లయ కూడా కొంత చెబుతుంది. క్రాంకు రెండు చుట్లు తిరిగితే క్యాం షాఫ్టు ఒక్క చుట్టు తిరుగుతుంది. అందువల్ల ట్యాపెట్ల, పంపు చప్పుళ్ళు ఇంజిన్ వేగంలో సగం వేగంతో వినిపిస్తాయి. క్రాంకుతో తిరిగేది ఏదైనా కవరుకు తగులుతుంటే చుట్టుకొకసారి వినిపిస్తుంది. వదులైన చైన్‌కు ఇలాంటి కచ్చితమైన లయ ఉండదు. ఐడిలింగులోనూ, యాక్సిలరేటరు వదిలినప్పుడూ గలగలలాడి, బరువు పడితే సర్దుకుంటుంది. మా బండి రాయచోటి వైపు గువ్వలచెరువు ఘాటు ఎక్కేటప్పుడు నిశ్శబ్దంగా ఉండి, మూడో గేరులో యాక్సిలరేటరు వదిలి దిగేటప్పుడు మాత్రం డబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపినట్టు మోగేది. పిస్టన్ కడ్డీ క్రాంకును పట్టుకునే చోటి బిగ్ ఎండ్ బేరింగు కొట్టుకునే చప్పుడైతే ఇందుకు విరుద్ధంగా, ఎక్కేటప్పుడే పెరుగుతుంది.

కవరు విప్పకుండానే చేయగల ఇంకొక పరీక్ష నాకు చాలా ఇష్టం. ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటరు మూత తీసి, పుల్లీ మీద, కవరు మీద ఒకే చోట సుద్దముక్కతో గీత పెట్టి, స్పానరుతో క్రాంకును మెల్లగా ముందుకు, వెనక్కు ఊపండి. పుల్లీ ఎంత దూరం కదిలాక డిస్ట్రిబ్యూటరులో తిరిగే రోటరు కదలడం మొదలుపెడుతుందో, ఆ దూరమంతా చైన్, డిస్ట్రిబ్యూటరు గేరు కలిసి మింగుతున్న వదులు. కొత్త చైన్ వేసిన ఇంజిన్‌లో అది చాలా తక్కువగా ఉండాలి. మా దాంట్లో తక్కువగానే ఉంది. అంటే చైన్ సాగలేదు. ఆ సంగతి అప్పుడే గ్రహించి ఉంటే రెండో చైన్ కోసం చెన్నై వెళ్ళి ఉండేవాణ్ణి కాదు.

చివరికి కవరు విప్పింది మా బండిని మొదటి నుంచీ ఎరిగిన పెద్దాయన. హెరాల్డ్ బానెట్టు మడ్‌గార్డులతో సహా ముందుకు తెరుచుకుంటుంది కాబట్టి, రేడియేటరు తీసేసి, ముందు టైరు మీద కూర్చొని తీరిగ్గా చూడవచ్చు. ఆయన చైన్‌ను ముట్టుకోకుండా టార్చి వేసి చాలాసేపు చూసి, "సార్, చైన్‌ది తప్పు గాదు, అది పక్కకు వాలి నడుస్తాంది" అన్నాడు. చైన్‌ను తిప్పే పళ్ళచక్రం, అంటే క్రాంకు స్ప్రాకెట్, పళ్ళకు ఒకవైపు మాత్రమే మెరుపు ఉంది, రెండోవైపు నల్లగానే ఉంది. ఇంటికి పోయి, పాత వార్తాపత్రికలో చుట్టి సొరుగులో పడేసిన మొదటి చైన్ తీసి చూస్తే, దాని పట్టీలు కూడా లోపలివైపు ఒకే పక్క వెండిలా మెరుస్తున్నాయి. సాక్ష్యాన్ని ఇంట్లో పెట్టుకొని నేను ఊళ్ళు తిరిగాను.

కారణం చాలా చిన్నది. క్రాంకు స్ప్రాకెట్ వెనుక, రెండు స్ప్రాకెట్లూ ఒకే గీతలో ఉండేలా సరిచేసే షిమ్ములనే పలుచని రేకు బిళ్ళలు ఉంటాయి. ఇంజిన్ విప్పిన రోజు అవి కిరసనాయిలు తట్టలో మడ్డితో పాటు పోయాయి, ఎవరూ గమనించలేదు. క్రాంకును, క్యాం షాఫ్టును రెండింటినీ వెనక్కు నెట్టిపెట్టి, అలా నెట్టకపోతే ఆట వల్ల కొలత తప్పుతుంది, రెండు స్ప్రాకెట్ల ముఖాల మీద ఉక్కు స్కేలు ఆనిస్తే, క్రాంకు స్ప్రాకెట్ దగ్గర సందు కొలిచే ఫీలర్ గేజిలోని అర మిల్లీమీటరు రేకు దూరింది.

అంత మాత్రానికే గలగల వస్తుందా అని మీరు అడగవచ్చు, నేనూ అడిగాను. ఈ ఇంజిన్‌లో చైన్‌ను బిగువుగా ఉంచే టెన్షనర్ అంటే కవరు లోపల ఉండే వంపు తిరిగిన స్ప్రింగు రేకు మాత్రమే. పాత చైన్ దాని మీద ఏళ్ళ తరబడి నడిచి రెండు గాళ్ళు తీసింది. రేకు బాగానే ఉందని దాన్నే మళ్ళీ వాడాం. గీత తప్పిన కొత్త చైన్ ఆ గాళ్ళలోకి సగం దిగి, సగం గట్టు మీద నడుస్తూ, వేగం తగ్గిన ప్రతిసారీ ఎగిరెగిరి పడింది. అందుకే మీరు ఇంకో చైన్ కొనే డబ్బుతో ముందు కొత్త రేకు కొనండి.

చైన్ నిజంగా సాగిందా అన్నది చూడాలంటే, వదులుగా ఉన్న వైపు స్కేలు ఆనించి మధ్యలో వేలితో ఊపితే కదలిక 10 మిల్లీమీటర్లు దాటకూడదు. క్రాంకు ముందుండి ఆయిల్‌ను విసిరికొట్టే పళ్ళెంలాంటి ఆయిల్ త్రోయర్ పుటాకారపు (లోపలికి గుంటగా ఉన్న) ముఖం కవరు వైపు ఉండాలి. తిరగేసి పెడితే రాసుకుంటుంది, కవరు లోపల గుండ్రటి గీత కనిపిస్తుంది.

బిగించేటప్పుడు రెండు జాగ్రత్తలు అవసరం. కవరు రేకుది కాబట్టి బోల్టుల దగ్గర లోపలికి వంగి ఉంటుంది. మేము దాన్ని వాకిట్లో ఉన్న పాలిష్ కడప బండ మీద బోర్లించి, వెలుతురు కనిపించిన చోటల్లా సుత్తితో మెల్లగా సరిచేశాం. కవరు ఎక్కించేటప్పుడు టెన్షనర్ రేకును వంచిన కమ్మీతో పక్కకు పట్టి, కవరు చైన్‌ను దాటాక కమ్మీ లాగేయాలి. లేకపోతే రేకు చైన్ వెనక్కు దూరిపోతుంది. కింది బోల్టులు దిగేది అల్యూమినియం దిమ్మెలోకి కాబట్టి, వాటిని చేత్తో ఎక్కించి, చిన్న స్పానరుతో మాత్రమే బిగించండి. మొదటిసారి తొందరపడి ఒక మర పోగొట్టుకున్నాను, అక్కడి నుంచి ఇప్పటికీ ఆయిల్ చెమర్చుతూనే ఉంది.